దినారు ఎంత పడింది?
సగటు రేటు తీసే లెక్క



మన కంకిపాడు బజారులో కూరగాయల ధర రోజూ ఒకేలా ఉంటుందా? ఉండదు. సోమవారం టమాటాలు కిలో 20 రూపాయలకు కొన్నాం. గురువారం 30కి, శనివారం 25కి కొన్నాం. ఈ వారం కిలో ఎంత పడింది? మూడు ధరలూ కలిపితే 75. మూడుతో భాగిస్తే 25. సగటున 25 రూపాయలు పడింది అంటాం.

పరాయి దేశపు డబ్బుకు కూడా ఇలాగే ధర ఉంటుంది. ఆ డబ్బు ఒకటి ఇస్తే మనకు ఎన్ని రూపాయలు వస్తాయో, దాన్ని మారకం రేటు అంటారు. అమెరికా డబ్బు డాలరు. కువైట్ డబ్బు దినారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. వాళ్లు పంపే దినార్లు ఇక్కడ రూపాయలుగా మారతాయి. పిల్లల చదువుకూ, అప్పులకూ ఆ డబ్బే ఆధారం.

పిన్నికి వచ్చిన అనుమానం

మా రాత్రి బడికి ఒక పిన్ని వస్తుంది. ఆమె కూతురు కువైట్‌లో ఉంది. పిన్నికి బ్యాంకు ఖాతా లేదు. అందుకని కూతురు డబ్బును మరిది కొడుకు ఖాతాకు పంపేది. అతను నాలుగు నెలల డబ్బు ఒకేసారి తెచ్చి ఇచ్చాడు.

"మొత్తం 300 దినార్లు వచ్చాయి పెద్దమ్మా. రేటు పెరుగుతూ తగ్గుతూ ఉంది. సగటున 265 పడింది. ఇవిగో 79,500 రూపాయలు" అన్నాడు.

పిన్ని ఆ డబ్బు తీసుకుంది. కానీ మనసు ఒప్పుకోలేదు. "టీచరమ్మా, గడిచిపోయిన నెలల రేటు ఇప్పుడెలా తెలుస్తుంది?" అని నన్ను అడిగింది.

"రశీదులు ఉన్నాయా పిన్నీ?" అన్నాను. కూతురు ఫోనులో రశీదుల ఫోటోలు పంపింది. వాటిని చూసి పిన్ని తన చేత్తోనే పలక మీద రాసింది. లెక్క సులువుగా అర్థం కావాలని అంకెలను ఇక్కడ కొంచెం సరిచేసి ఇస్తున్నాను.

జనవరి: 50 దినార్లు, రేటు 268. వచ్చింది 13,400 రూపాయలు.
ఫిబ్రవరి: 50 దినార్లు, రేటు 270. వచ్చింది 13,500 రూపాయలు.
మార్చి: 50 దినార్లు, రేటు 272. వచ్చింది 13,600 రూపాయలు.
ఏప్రిల్: 150 దినార్లు, రేటు 278. వచ్చింది 41,700 రూపాయలు.

సగటు రెండు రకాలు

మొదట పిన్ని టమాటాల లెక్క లాగే చేసింది. నాలుగు రేట్లూ కలిపితే 1,088. నాలుగుతో భాగిస్తే 272. ఇది రేట్ల సగటు.

ఈ లెక్క తప్పు కాదు. కానీ పిన్నికి ఇది చాలదు. ఎందుకు? ఏప్రిల్‌లో రేటు బాగుంది. ఆ నెలలోనే ఎక్కువ దినార్లు వచ్చాయి. 50 దినార్లు వచ్చిన నెలనూ, 150 వచ్చిన నెలనూ సమానంగా చూస్తే ఎలా? మూడుసార్లు అరకిలో చొప్పున, ఒకసారి కిలోన్నర కొన్నప్పుడు కూడా అంతే కదా!

అప్పుడు ఇలా చేయాలి. వచ్చిన రూపాయలన్నీ కలపాలి: 82,200. వచ్చిన దినార్లన్నీ కలపాలి: 300. రూపాయలను దినార్లతో భాగించాలి. 274 వస్తుంది. పిన్నికి నిజంగా పడిన సగటు ఇదే.

82,200లో నుంచి 79,500 తీసేస్తే 2,700 రూపాయలు. అంత తక్కువ వచ్చింది!

పిన్ని ఆ లెక్క కాగితం మీద రాసుకుని వెళ్లింది. "మధ్యలో కమీషను పోయింది పెద్దమ్మా" అన్నాడు అతను. "పోతే పోనీ బాబూ, దాని చీటీ చూపించు" అంది పిన్ని. చీటీ లేదు. వారం తిరక్కుండా మిగతా డబ్బు ఇచ్చాడు. తరువాతి నెల పిన్ని తన పేరున ఖాతా తెరిచింది.

పాత రేట్లు ఎక్కడ దొరుకుతాయి?

మన డబ్బు సంగతికి రశీదే అన్నిటికన్నా మంచి ఆధారం. అందులో తేదీ, రేటు, ఖర్చు విడివిడిగా ఉంటాయి. ఖర్చును రేటులో కలపనివ్వకండి.

డాలరు వంటి కొన్ని డబ్బులకు పనిరోజుల్లో ఒక సూచన రేటు వేస్తారు. 2018 జులై వరకు రిజర్వు బ్యాంకు వేసేది. తరువాత ఆ పని ఎఫ్‌.బి.ఐ.ఎల్‌. అనే సంస్థకు ఇచ్చారు. పాత తేదీల రేట్లను కంప్యూటరులో చూడవచ్చు. కానీ మన చేతికి సరిగ్గా అదే రేటు రాదు. బ్యాంకులు, డబ్బు మార్చే దుకాణాలు సాధారణంగా కొంత తగ్గించి ఇస్తాయి.

ఇంకో మాట. సెలవు రోజుల్లో రేటు వేయరు. ఒక నెలలో 22 రోజులకే రేట్లు ఉంటే, వాటిని కలిపి 22తోనే భాగించాలి. 30తో భాగిస్తే లెక్క తప్పుతుంది.

ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు?

సగటు అని ఎవరైనా చెబితే ఈ ప్రశ్న అడగాలి. 1991 జులై మొదటి వారంలో ప్రభుత్వం రూపాయి విలువను రెండుసార్లు తగ్గించింది. అంతకు ముందు డాలరుకు సుమారు 21 రూపాయలు. ఆ తరువాత సుమారు 26 రూపాయలు. ఆ ఏడాది మొత్తానికి ఒకే సగటు తీస్తే జూన్‌లో డబ్బు మార్చినవారికీ సరిపోదు, ఆగస్టులో మార్చినవారికీ సరిపోదు. అందుకే మన డబ్బు వచ్చిన తేదీలకే సగటు తీయాలి.

మీరూ చేయండి

మే నెలలో 40 దినార్లు వచ్చాయి. రేటు 270. జూన్‌లో 60 దినార్లు వచ్చాయి. రేటు 275. ఒక్కో దినారుకు నిజంగా ఎంత పడింది?

(జవాబు: 10,800, 16,500 కలిపితే 27,300 రూపాయలు. 100 దినార్లతో భాగిస్తే 273.)

మీ ఇంట్లో బయటి దేశం నుంచి డబ్బు అందుకునేవారు ఉన్నారా? రశీదులన్నీ ఒక సంచిలో దాచండి. నెలకోసారి తీసి ఈ లెక్క వేయండి.