కళలను గూర్చి వ్రాయువారి సొంత గొంతు

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారి కళలను గూర్చి వెలువడు వ్యాసములు పెక్కింటిలో ఒక చిత్రము కానవచ్చును. ఊరి పేరును, కళ పేరును తొలగించి చూచినచో, ఏ వ్యాసము దేనిని గూర్చినదో పోల్చుకొనుట దుర్ఘటము. అన్నియు అతిప్రాచీనములే, అన్నియు అద్వితీయములే. వ్రాసినవాడు స్వయముగ ఏమి చూచెనో మాత్రము ఆ విశేషణములు తెలుపవు.

తంజావూరు సీమలోని మెలట్టూరు భాగవతమేళమునే తీసికొందము. అచ్యుతప్పనాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబములకు ఆ గ్రామమును దానమిచ్చెనని ప్రసిద్ధి. మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రమును నరసింహజయంతి సమయమున అచ్చట నేటికిని ఆడుదురు. స్త్రీపాత్రలను సంప్రదాయానుసారముగ పురుషులే ధరింతురు. నరసింహుని ముఖపు తొడుగునకు పూజ జరుగును. దానిని ధరించునాతడు ఆనాడు ఉపవసించును. నాటకభాష తెలుగు; చూడవచ్చిన వారిలో పెక్కుమంది మాటలాడునది తమిళము. ఇంత సామగ్రి యెదుట నుండగా, మన సంస్కృతికిది మణిదీపమని వ్రాసి యూరకుండుటవలన ప్రయోజనమేమి? మాట తెలియని దరువును వినుచు ప్రేక్షకులు ఏ ఘట్టమున కదలక కూర్చుండిరో, ఎచ్చట ప్రక్కవారితో ముచ్చటలాడిరో గమనించి వ్రాసినచో, ఆ వ్యాసమును మరియొకరు వ్రాయజాలరు. రచయిత గొంతు వినవచ్చుట ఇట్టి చోటనే. వాక్యపు సొగసు తరువాతి మాట.

ఇది అభ్యాసమువలన వచ్చును. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దములు తెలుగు బోధించిరి. ఆ నగరముననే బిడారం కృష్ణప్పగారి కడ సంగీతము నేర్చిరి. తెలుగునను కన్నడమునను వ్రాసిరి. అన్నమాచార్యుల రాగిరేకులపై రాగముల పేర్లే కాని స్వరములు లేవు. 1950 తరువాత తిరుపతిలో వారు పెక్కు కీర్తనలకు స్వరకల్పన చేసిరి. పద్యమును గూర్చి చెప్పినను, రాగమును గూర్చి చెప్పినను, వారి మాట పాడి చూచినవాని మాటగా తోచుటకు కారణమిదియే. కన్నడసీమలో నుండుట వారి తెలుగునకు లోటు కాలేదు సరికదా, బలమే అయ్యెను.

మనలో కొందరు తమ యింటి మాటలను అశుద్ధములని వెరచి, ఆంధ్రదేశపు పత్రికలలోని మాటలను తెచ్చి పెట్టుదురు. ఇది నాకు సమ్మతము కాదు. హోసూరు ప్రాంతపు ముసలమ్మ పాడిన పాటను ఆమె పలికినట్లే దించి, తెలియని మాటకు అర్థమును ప్రక్కన చూపవలెను. ఆ పాట ఆమెతోనే పోవచ్చును. మనుమలకు తెలుగు లిపియైనను రాకపోవచ్చును. కనుక మెచ్చుకోలు వాక్యమునకు ముందు, ఆ పాటను ఎవరు, ఏ పనివేళ, ఎందరు కూడి పాడుదురో వ్రాసికొనుడు. మెచ్చుకోలు అవసరమో కాదో అపుడు తేలును.