ఆటలు చేసేవారికీ కావాలి... ఆటవిడుపు!

పిల్లాడు సెల్‌ఫోన్లో గేమ్ ఆడుతుంటే కోప్పడతాం. అదే పిల్లాడు పెద్దయ్యాక 'గేమ్‌లు తయారుచేసే ఉద్యోగం వచ్చింది' అంటే? సంతోషించాలో భయపడాలో తెలియదు. ఇంతకీ ఆ కొలువు నాలుగు కాలాలపాటు నిలవాలంటే గేమ్ స్టూడియో ఎలా ఉండాలి?

చందానగర్‌లో ఉదయంపూట ఎంఎంటీఎస్ రైలెక్కితే హఫీజ్‌పేట తరవాత వచ్చేది హైటెక్ సిటీ. బోగీలో ఎటు చూసినా సెల్‌ఫోన్లే. ఒకరు రంగురంగుల మిఠాయిలు పేలుస్తుంటారు. ఇంకొకరు బొటనవేలితోనే సిక్సర్లు బాదేస్తుంటారు. అలాంటి ఆటల్ని తయారుచేసేవాళ్లూ అదే రైల్లో పక్క సీట్లో కూర్చుని ఉండొచ్చని ఎవరికీ తట్టదు!

నిజానికి గేమింగ్‌కి హైదరాబాద్ కొత్తేమీ కాదు. అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి ఇక్కడ స్టూడియో ఉంది. కశ్యప్ రెడ్డి, కీర్తి సింగ్ కలిసి స్థాపించిన 'హిట్‌వికెట్' ఇక్కడిదే. వాళ్ల క్రికెట్ గేమ్ 2020లో కేంద్ర ప్రభుత్వం నిర్వహించిన ఆత్మనిర్భర్ యాప్‌ల పోటీలో ఆటల విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. 'ఓగర్ హెడ్' అనే చిన్న స్టూడియో 2017లో 'అసుర' అనే గేమ్‌ని విడుదల చేసింది. దేశంలోని గేమ్ డెవలపర్లంతా కలుసుకునే ఐజీడీసీ సదస్సు 2023, 2024 సంవత్సరాల్లో మన హెచ్ఐసీసీలోనే జరిగింది. ఈ రంగం కోసమే 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కి శంకుస్థాపన చేశారు.

అంతా బాగానే ఉంది. మరి ఇంట్లోవాళ్లకి భయం ఎందుకు?

ఓ ఇల్లాలి ఉత్తరం

ఆ భయం ఒక్క మన ఇళ్లలోనే కాదు. 2004లో అమెరికాలో ఒకావిడ పేరు చెప్పకుండా ఇంటర్నెట్‌లో ఓ ఉత్తరం రాసింది. ఆమెకు కాబోయే భర్త గేమ్ కంపెనీలో పనిచేస్తున్నాడు. ఉదయం తొమ్మిదికి వెళితే రాత్రి పదికి రావడం, వారానికి ఏడు రోజులూ అదే వరస. అదనపు జీతం లేదు, తరవాతైనా సెలవు లేదు. మనిషి ఎలా నలిగిపోతున్నాడో ఆమె పూసగుచ్చినట్లు చెప్పింది. ప్రపంచం నలుమూలలా గేమింగ్ ఉద్యోగుల ఇళ్లలో ఆ ఉత్తరాన్ని 'ఇది మా కథే' అనుకుని చదివారు. ఆ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. ఆర్టిస్టులూ ప్రోగ్రామర్లూ వేసిన రెండు దావాల్లో కలిపి సంస్థ 3 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి రాజీ చేసుకుంది. ఆ ఉత్తరం రాసింది తానేనని ఎరిన్ హాఫ్‌మన్ ఆ తరవాత బయటపెట్టింది. ఆమె కూడా గేమ్ డిజైనరే!

ఇలా రాత్రింబవళ్లు పనిచేయించడాన్ని గేమింగ్ భాషలో 'క్రంచ్' అంటారు. ఎందుకొస్తుందిది? పెళ్లి ముహూర్తం పెట్టేశాక రోజుకో కొత్త వంటకం చేర్చుకుంటూపోతే వంటవాళ్ల గతి ఏమవుతుంది? ఇక్కడా అంతే. విడుదల తేదీ ముందే ప్రకటిస్తారు. మధ్యలో కొత్త పాత్రలూ కొత్త లెవెళ్లూ వచ్చి చేరతాయి. తప్పులు వెతికి సరిచేసే పని మాత్రం చివరి నెలలకు మిగులుతుంది. పని పెరిగినా తేదీ జరగదు. జరిగేది నిద్రే!

పోనీ, అంత కష్టపడినా ఉద్యోగానికి భరోసా ఉందా అంటే అదీ లేదు. 2023, 2024 సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా పేరున్న స్టూడియోలు సైతం వేలమందిని ఇంటికి పంపేశాయి.

ఇల్లు అమ్మి... ఆట!

పుణెలోని 'నోడింగ్ హెడ్స్' కథ గేమింగ్ కుర్రకారుకి కంఠోపాఠం. తమ్ముణ్ని వెతుక్కుంటూ రాక్షసులతో పోరాడే అమ్మాయి కథతో 'రాజీ' అనే గేమ్ మొదలుపెట్టారు. 2017లో జనం నుంచి విరాళాలు అడిగితే అనుకున్నంత రాలేదు. వ్యవస్థాపకుల్లో ఒకరు తన ఫ్లాట్ అమ్మి పని ఆగకుండా చూశారు. 2020లో గేమ్ విడుదలైంది. అదే ఏడాది అంతర్జాతీయ 'గేమ్ అవార్డ్స్'లో తొలి గేమ్‌ల విభాగంలో నామినేషన్ పొందింది.

వినడానికి ఎంత బాగుందో! కానీ ప్రతి స్టూడియో ఇల్లు అమ్ముకునే నిలబడాలంటే ఎలా? అమ్ముకోవడానికి ఇల్లున్నవాళ్లే గేమ్‌లు చేయగలరన్నమాట. అద్దె ఇంట్లో ఉండే గుమాస్తా కూతురికి ఆ తలుపు మూసుకుపోయినట్టే.

అందుకే ముందుచూపున్న స్టూడియోలు వేరే దారి చూసుకుంటాయి. ఇతర కంపెనీలకు బొమ్మలు గీసిపెట్టి, కోడ్ రాసిపెట్టి జీతాల ఖర్చు రాబట్టుకుంటూ మరోపక్క సొంత గేమ్ చేసుకుంటాయి. మొదటి గేమ్‌ని చిన్నగా పెట్టుకుంటాయి. యాప్ స్టోర్లు అమ్మకాల్లో 15 నుంచి 30 శాతం దాకా తీసుకుంటాయి కాబట్టి ఆ లెక్కా ముందే వేసుకుంటాయి. అమెరికాలో 'హేడిస్' గేమ్ చేసిన సూపర్‌జెయింట్‌లో అయితే ఉద్యోగులు ఏడాదికి కనీసం 20 రోజులు సెలవు తీసుకుని తీరాలని నియమం పెట్టారు. ఆ గేమ్‌కి అవార్డులూ లాభాలూ రెండూ వచ్చాయి!

ఆమెకీ ఓ కుర్చీ

స్టూడియో నిలవాలంటే డబ్బొక్కటే చాలదు. అందులో ఎవరెవరికి చోటుందన్నదీ ముఖ్యమే. రాత్రి పదకొండుకు మీటింగ్ పెడితే పాలు తాగే బిడ్డ ఉన్న తల్లి ఎలా వస్తుంది? ఆమె రాకపోతే ఆమె ఆలోచనా గేమ్‌లోకి రాదు. ఐటీ కారిడార్‌లో మహిళల కోసం 2015లో షీ షటిల్ బస్సులు వచ్చాయి. ప్రసూతి సెలవు చట్టప్రకారం 26 వారాలు. అయితే పిల్లల సంరక్షణ కేంద్రం తప్పనిసరి అయ్యేది 50 మంది, అంతకుమించి ఉద్యోగులుంటేనే. ఇరవైమందితో నడిచే స్టూడియోకి ఆ నిబంధన వర్తించదు. అక్కడ పనివేళలు సవ్యంగా ఉండటమే తల్లికి అసలైన రక్ష. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ మాత్రం పదిమంది ఉన్నా ఉండాల్సిందే.

ఆడేవాళ్ల సంగతీ అంతే. 2020లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 2'లో చూపు, వినికిడి, చేతుల కదలికల్లో ఇబ్బందులున్నవారి కోసం 60కి పైగా సదుపాయాలు పెట్టారు. చూపులేనివారూ ఆ గేమ్‌ని పూర్తిచేయగలిగారు. అలాంటి ఇబ్బందులున్నవారిని ముందునుంచీ కూర్చోబెట్టి అడిగారు కాబట్టే అది సాధ్యమైంది.

అమ్మానాన్నలూ... ఇవి అడగండి!

పేకాట యాప్‌లనీ గేమ్ స్టూడియోలనీ ఒకే గాటన కట్టకండి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రమూ చట్టం చేసింది. కాబట్టి మీ అమ్మాయికో అబ్బాయికో ఆఫర్ వస్తే మొదట సంస్థ ఎలాంటి గేమ్‌లు చేస్తోందో తెలుసుకోండి. జీతం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. విడుదల ముందు నెలల్లో ఎన్ని గంటలు పనిచేయించారు? అదనపు పనికి డబ్బిస్తారా? తరవాతి గేమ్‌కి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? టీమ్‌ని నడిపించే స్థానాల్లో ఆడవాళ్లున్నారా? గేమ్ చివర వేసే పేర్లలో మధ్యలో మానేసినవాళ్ల పేరూ ఉంటుందా? వీటికి తడుముకోకుండా జవాబిచ్చే స్టూడియో అయితే నిశ్చింతగా పంపొచ్చు.

బడిలో గంట కొట్టగానే ఆటవిడుపు. అది ఉంటేనే పిల్లలకు మర్నాడు మళ్లీ బడికెళ్లాలనిపిస్తుంది. లోకానికంతా ఆటవిడుపునిచ్చేవాళ్లకీ సాయంత్రం ఆ గంట మోగాలి. చందానగర్ రైలు అందుకుని, ఇంటికొచ్చి నలుగురితో కలిసి అన్నం తినాలి!