రేబిస్: చికిత్స కన్న నివారణ మిన్న

వర్షాభావపీడితమైన అనంతపురం మెట్టసీమలో గొర్రెల పెంపకం అనేక కుటుంబాలకు జీవనాధారం. మందకు కావలి కుక్క. దానికి రేబిస్ సోకినచో కాపరి ప్రాణానికే ముప్పు. ఈ వైరస్ కాటుపడిన చోటి నుండి నాడుల వెంట మెల్లగా పయనించి, మెదడును చేరి వాపును కలిగిస్తుంది. లక్షణాలు పొడసూపిన పిదప కుక్కకు గాని, మనిషికి గాని మరణం దాదాపు తప్పదు. వైరస్ పయనించే ఆ వ్యవధియే మనకు లభించే అవకాశం. 1885లో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే బాలునికి టీకా వేసి ఈ సత్యాన్ని చాటాడు. ఒకప్పుడు బొడ్డు చుట్టూ పొడిచే సూదులకు జడిసి పసరు మందులను ఆశ్రయించినవారు కలరు. నేటి టీకా చేతికే వేస్తారు. కాటు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కావలి కుక్కకు క్రమం తప్పక టీకా వేయించుటయే కాపరికి నిజమైన రక్ష.