వాగ్గేయకార ప్రతిభ : ధాతు మాతు సమన్వయము

తెలుగు పదకవిత్వమును గూర్చిన వ్యాసములలో అన్నమాచార్యులు, క్షేత్రయ్య, త్యాగరాజస్వామి పేర్లు తరచుగా ఒకే వరుసలో కానవచ్చును. వారి రచనలలోని భక్తి శృంగారములు, జాతీయములు, అలంకారములు విపులముగా చర్చింపబడును. పాటలుగా ఆ రచనల విశేషమెట్టిదను ప్రశ్న మాత్రము సంగీతజ్ఞులకు వదలివేయబడుచున్నది. ఈ విభజన లక్షణకారుల మతమునకు సమ్మతమైనది కాదు.

13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరములో, ప్రకీర్ణకాధ్యాయమున వాగ్గేయకార లక్షణము కలదు. వాక్కునకు మాతువనియు, గేయమునకు ధాతువనియు పేర్లు. ఆ రెంటిని తానే కూర్చువాడు వాగ్గేయకారుడు. అతనికి వ్యాకరణ ఛందోలంకార పరిజ్ఞానముతోపాటు రసభావముల ఎరుక, లయ తాళ నైపుణ్యము నుండవలెను. ధాతువున అధికుడై మాతువున మందుడైనవానిని శార్ఙ్గదేవుడు మధ్యమునిగా గణించెను. మాతువు రమ్యమైనను ధాతువు మందమైనచో అట్టివానిని అధమునిగా నిర్ణయించెను. ఇతరుల ధాతువునకు మాతువు సమకూర్చువాడు కుట్టికారుడు. ఈ తారతమ్యమును గమనించినచో, పదములను మాత్రము చదివి వాగ్గేయకారుని తూచుట ఎంతటి అసమగ్ర విమర్శయో స్పష్టమగును.

త్యాగరాజస్వామి (1767–1847) కృతులలో ధాతు మాతువుల పొందిక మిక్కిలి స్ఫుటముగా గోచరించును. ఘనరాగ పంచరత్నములలో చరణములు మొదట స్వరములుగను, పిమ్మట సాహిత్యముగను పాడబడును. స్వరముల నడకకు అక్షరముల గురులఘుత్వము సరిపడునట్లు కూర్చుట సామాన్యమైన పని కాదు. ఇక ఇతర కృతులలోని సంగతులు వేరొక విశేషము. పల్లవిలోని మాటలు మారవు; వాటిని మోయు స్వరగతి మాత్రము ఆవృత్తి ఆవృత్తికి విస్తరించును. ఒకే ప్రశ్న మొదట విన్నపముగను, తరువాత నిష్ఠురముగను, తుదకు ఆర్తిగను వినిపించుటకు ఈ విస్తరణమే కారణము. ముద్రిత ప్రతిలో ఆ పల్లవి ఒక్క పంక్తి మాత్రమే. దానిని చదివి పునరుక్తి లేని సులభవాక్యమని భావించు పాఠకునికి, పాడునపుడు ఆ పునరుక్తియే రసపోషకమగుచున్నదను సంగతి తెలియదు.

17వ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో పదములు రచించెను. తంజావూరు నేలిన విజయరాఘవనాయకుని (1633–1673) ఆదరణ ఆయనకు లభించెను. ఆయన పదములలో నాయిక పలుకులు ఇంటిలో వినబడు మాటలవలె నుండును. పదములు విలంబకాలమున సాగును. ఒక్కొక్క మాట నడుమ అభినయమునకు, గమకమునకు చోటుండును. నాయిక చెప్పక దాచినది ఆ చోటులోనే వ్యక్తమగును. అనుపల్లవితో పదము నెత్తుకొను సంప్రదాయమును గమనింపదగినది. పుస్తకమున పల్లవి ముందుండును. గాయని అనుపల్లవి నుండి పల్లవికి వచ్చును. అందుచే శ్రోత మొదట సందర్భమును, తరువాత దాని సారమును గ్రహించును. ఈ పదముల ధాతువును నిలిపినవారు ప్రధానముగా దేవదాసీ, కలావంతుల కుటుంబముల స్త్రీలు. వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనుమరాండ్రైన బృంద, బాలసరస్వతి వలన ఈ సంప్రదాయము 20వ శతాబ్ది శ్రోతలకు అందినది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమున తెలుగు లిపిలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కొన్ని పదములకు స్వరలిపి కలదు. కేవల పాఠమును చదివి ఈ పదములను అశ్లీలములని నిందించినవారు, అర్ధభాగమును మాత్రమే చూచి తీర్పు చెప్పినవారగుదురు.

అన్నమాచార్యుల విషయమున సమస్య వేరు. ఆయన 1503లో పరమపదించెను. 32,000 సంకీర్తనములు రచించినట్లు ప్రసిద్ధి. లభించినవి అందులో సగమునకు లోపు. తిరుమల సంకీర్తన భాండాగారమున లభించిన రాగిరేకులపై పాట శీర్షమున సామంతము, పాడి, ముఖారి, ఆహిరి, గుండక్రియ వంటి రాగనామములు చెక్కబడియున్నవి. స్వరలిపి లేదు. మాతువు మిగిలినది, ధాతువు చాలవరకు నశించినది. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితులు వీని పరిష్కరణమునకు శ్రమించిరి. రాళ్లపల్లివారు, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలగువారు అనేక సంకీర్తనములకు స్వరరచన చేసిరి. ఇది కుట్టికార ధర్మమునకు విపర్యయము: పరుల మాతువునకు తమ ధాతువును కూర్చుట. వినువారు ఆనందించునది రెండు కాలముల, ఇద్దరు కర్తల సమష్టి సృష్టి. అట్టి పాటను పేర్కొనునపుడు రెండవ కర్తను విస్మరించుట ఆయనకు అన్యాయము. నేటి వరుసను అన్నమాచార్యుల రాగప్రస్తారమునకు సాక్ష్యముగా గ్రహించుట చరిత్రకు అన్యాయము.

అయినను మాతువునుండి ధాతువును గూర్చి కొంత ఊహింపవచ్చును. సువ్వి పాటలో రోకటి పోటు, లాలిలో ఊయల ఊపు, గొబ్బిపాటలో చప్పట్ల వరుస మాటల నడకలోనే నిక్షిప్తమైయున్నవి. జనుల పనులలో, వేడుకలలో పుట్టిన లయను గ్రహించి సంకీర్తనమున నిలుపుట అన్నమాచార్యుల ప్రతిభకు ముఖ్యలక్షణము. యతిప్రాసల పట్టికతో ఆగక, పాదముల కాలప్రమాణమును పరిశీలించు పరిశోధకునికి ఇచ్చట విస్తృతమైన క్షేత్రము కలదు.

కావున ముగ్గురి విశిష్టత ఒకే తీరున నిర్ణయింపదగినది కాదు. త్యాగరాజస్వామి కృతులకు వాలాజాపేట, ఉమయాల్పురము, తిల్లస్థానము శిష్యపరంపరల పాఠాంతరములను పోల్చవలెను. క్షేత్రయ్య పదములకు గాయక కుటుంబముల బాణీలను ఆధారముగా గైకొనవలెను. అన్నమాచార్య సంకీర్తనములకు రేకుపై నున్న రాగమును, నేడు పాడు రాగమును, స్వరకర్త పేరును వేరువేరుగా చూపవలెను. తరగతిలో పదకవిత్వ పాఠమునకు ముందు ఒక్కసారి ఆ పాటను వినిపించినను, విద్యార్థి చదువునది సగము మాత్రమేయను ఎరుక అతనికి కలుగును. శార్ఙ్గదేవుడు కోరిన సమగ్రదృష్టికి అదియే తొలిమెట్టు.