బర్రెకూ వడదెబ్బ తగులుతుంది!

“పాలు మరీ నీళ్లలా ఉంటున్నాయమ్మా. రేపట్నుంచి ప్యాకెట్లు వేయించుకుంటాంలే.”

మొన్నటి మే నెలలో మా పాలామెతో నేనన్న మాటలివి. అడిక్‌మెట్‌లో మేముండే సందులోకి ఆవిడ పొద్దున్నే ఐదున్నరకల్లా క్యాను పట్టుకుని వస్తుంది. మా చిన్నదానికి తల్లిపాలు మాన్పించినప్పట్నుంచీ ఆవిడ పోసే పాలే. అలాంటి మనిషిని గుమ్మంలో నిలబెట్టి అంత మాట అనేశాను. పక్కింటివాళ్లూ అదే అనుకుంటున్నారన్న ధైర్యం మరి!

ఆవిడ కోప్పడలేదు. “నీళ్లు కలిపితే నా బర్రెల మీద ఒట్టమ్మా. ఎండకు అవి మేత ముడ్తలేవు. నమ్మకుంటె మధ్యాహ్నం ఒకపారి కొట్టం కాడికొచ్చి చూడు” అంది.

ఆ మాట పట్టుకుని నిజంగానే వెళ్లాను. వేళ రెండు గంటలు. పైన రేకుల కప్పు, మూడు వైపులా గోడ, గాలి వచ్చే నాలుగో వైపున కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్. లోపల ఐదు బర్రెలు. ఒక్కటీ పడుకోలేదు. మెడలు చాచి, నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నాయి. నోటి నుంచి చొంగ తీగల్లా సాగుతోంది. కోసి వేసిన గడ్డి వేసినట్టే ఉంది. తొట్టిలో వేలు పెడితే నీళ్లు చురుక్కుమన్నాయి.

“పోయిన ఎండలల్ల చూలు బర్రె ఇట్లనే పడ్డది. మల్ల లేవలే. దాని బాకీ ఇంక కడుతున్న” అంది ఆవిడ గొంతు తగ్గించి.

నాకు నోట మాట రాలేదు.

ఎందుకీ అవస్థ?

మా ఆడపడుచు భర్త పశువైద్యులుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ రాత్రే అన్నయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన చెప్పింది విన్నాక, ఇన్నేళ్లూ పాలు తాగుతూ కూడా ఇంత చిన్న సంగతి తెలియలేదే అనిపించింది.

పశువు ఒంట్లో మామూలుగా 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉంటుంది. పైగా దాని పొట్టే ఒక పొయ్యి. తిన్న మేత అక్కడ పులిసి అరిగేటప్పుడు బోలెడు వేడి పుడుతుంది. చలికాలంలో అది వరమే. ఎండాకాలంలో బయటి వేడికి లోపలి వేడి తోడవుతుంది. అందుకని పశువు తనంత తానే పొయ్యిలో కట్టెలు తగ్గిస్తుంది, అంటే మేత మానేస్తుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. గడ్డి తినక, నెమరు వేయక పాలలో వెన్న కూడా తగ్గుతుంది. మనకు పాలు పల్చగా కనిపించేది అందుకు!

ఇవాళ్టి ఎండ ప్రభావం ఇవాళే బిందెలో కనిపించదు. ఒకటి రెండు రోజులాగి కనిపిస్తుంది. ఆ రోజుకి కాస్త మబ్బు పట్టిందనుకోండి, “ఇవాళ ఎండేదీ, నీళ్లు కలిపి ఉంటుంది” అనేస్తాం మనం.

ఆవుల కంటే బర్రెలకి ఈ బాధ మరీ ఎక్కువ. ఒళ్లు నల్లన, వేడిని పీల్చుకుంటుంది. వెంట్రుకలు పల్చన. చెమట పట్టించే గ్రంథులు ఆవుకున్నన్ని లేవు. అందుకే దేవుడు దానికి నీళ్లలో, బురదలో దొర్లే అలవాటు ఇచ్చాడు. ఆవుల్లో కూడా మన ఒంగోలు జాతి ఎండకు తట్టుకున్నట్టు జెర్సీ, హోల్‌స్టీన్ సంకర జాతులు తట్టుకోలేవు.

మరి పట్నంలో బర్రెకి బురద ఎక్కడిది? మాసాబ్ ట్యాంక్ పేరులో చెరువుంది గానీ చెరువు లేదు. ఊళ్లో అయితే ఎండ వాలాక చల్లగాలి వస్తుంది, పశువు రాత్రి తేరుకుంటుంది. ఇక్కడ సిమెంటు గోడలు పగలు మింగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. తేరుకునే వ్యవధే లేదు. తెలుగు నేల మీద వందల మంది ప్రాణాలు తీసిన 2015 మే నెల వడగాడ్పులు మనకు గుర్తే. ఆ ఎండ పశువుల మీదా కాసింది.

దెబ్బ మీద దెబ్బ

అసలే బర్రెలు ఎక్కువగా వానాకాలం, చలికాలాల్లో ఈనుతాయి. వేసవి వచ్చేసరికి చాలావరకు వట్టిపోయే దశలో ఉంటాయి. దానికి ఎండ తోడు. పైగా వేడికి అవి ఎదకొచ్చినా పైకి తెలియనివ్వవు. వచ్చినా రాత్రివేళ. కనిపెట్టకపోతే కట్టించే అదను తప్పుతుంది. బర్రె పది నెలలు పైగా మోస్తుంది. ఈ వేసవిలో తప్పిన అదను వచ్చే ఏడు పాలకు గండి.

ఊళ్లలో డెయిరీకి పాలు పోసేవాళ్లకి మరో దెబ్బ ఉంది. మా అడిక్‌మెట్‌కి ఎంతో దూరం లేని లాలాపేటలోని విజయ డెయిరీ పేరు తెలియని ఇల్లాలుండదు. అలాంటి సహకార డెయిరీలు రైతుకు పాలలో ఉన్న వెన్నశాతాన్నీ, మిగతా ఘనపదార్థాన్నీ చూసి ధర కడతాయి. అంటే ఎండ లీటర్లూ కోస్తుంది, లీటరు ధరా కోస్తుంది. గడ్డి, దాణా ఖర్చు మాత్రం తగ్గదు. ఈ లెక్కంతా మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. పేడ ఎత్తేదీ, పాలు పిండేదీ, అప్పు వాయిదా కట్టేదీ వాళ్లే కదా!

ఖర్చు లేని ఉపాయాలు

అన్నయ్యగారు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని పాలామెకి చదివి వినిపించాను. పశువులున్న ఇళ్లవాళ్లు మీరూ రాసుకోండి.

* రేకుల మీద వరిగడ్డి పరచండి. లేదా సున్నం కొట్టండి. ఎండవైపు తడిపిన గోనెపట్టాలు వేలాడదీయండి. గాలి దారి మాత్రం మూయకండి.
* తాగే నీళ్లు నీడలో ఉండాలి, ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పాలిచ్చే బర్రె వేసవిలో రోజుకి 70, 80 లీటర్లు తాగుతుంది. పాలలో నూటికి 80 వంతులు పైగా నీళ్లే కదా!
* మేత పొద్దున ఎండ ముదరక ముందు, మళ్లీ పొద్దు వాలాక, రాత్రి వేయండి. మిట్టమధ్యాహ్నం వద్దు. పచ్చిమేత ఉంటే మంచిది. దాణాలో ఉప్పు, ఖనిజ లవణాల మిశ్రమం ఎంత కలపాలో పశువైద్యుణ్ణి అడగండి.
* రోజుకి రెండు మూడుసార్లు ఒళ్లంతా తడపండి. తడిపాక గాలి తగలాలి. గాలాడని కొట్టంలో నీళ్లు చల్లితే ఉక్క పెరిగి మేలుకంటే కీడే ఎక్కువ. ఒక పాత ఫ్యాను పెట్టినా చాలు.
* డొక్కలు ఎగసిపడుతుంటే లెక్కపెట్టండి. నిమిషానికి 60 దాటితే ఎండ బాధ మొదలైనట్టే. తూలినా, పడిపోయినా వెంటనే నీడకు చేర్చి ఒంటినిండా నీళ్లు పోయండి, విసరండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది.

మనం చేయగలిగింది

పశువుల్లేని మనం కూడా ఒక చెయ్యి వేయొచ్చు. గేటు బయట నీడలో ఒక గోలెం పెట్టి రోజూ కడిగి నీళ్లు నింపండి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు పెట్టండి, కానీ ప్లాస్టిక్ కవర్‌తో సహా విసిరేయకండి. ఇంకో మాట: పెళ్లిలో మిగిలిన అన్నం గంపెడు తెచ్చి పశువు ముందు కుమ్మరించడం పుణ్యం కాదు. ఎక్కువ అన్నం ఒక్కసారిగా తింటే పొట్టలో పులుపు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

దీపావళి వెళ్లాక నారాయణగూడలో సదర్ చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్తాం. నూనె నిగనిగలతో, మెడలో పూలదండలతో, కాళ్లకు గజ్జెలతో దున్నపోతులు నడిచి వస్తుంటే ఫొటోలు తీసుకుంటాం. ఆ ఆదరంలో కాస్త ఏప్రిల్, మే నెలలకి దాచిపెడితే బాగుండదూ?

మా పాలామె వరిగడ్డి పరిచింది. తొట్టి వేపచెట్టు కిందికి మార్చింది. మా అటక మీది పాత ఫ్యాను నేనిచ్చాను. పాలు చలికాలంలోలా చిక్కబడ్డాయని చెప్పను, అది అబద్ధమవుతుంది. కానీ పదిరోజులకి మేత ముట్టాయి, పూటకి రెండు లీటర్లు పెరిగాయంది. చూలు బర్రె వేసవి గట్టెక్కింది.

ప్యాకెట్లు మానేశాను. మొదటి రోజు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, “ఎట్లున్నయి బర్రెలు?” అన్నాను. ఆవిడ నవ్వి, కొలిచిన లీటరు మీద ఎప్పట్లాగే కొసరు పోసింది.