వెయ్యికి 993

2021 మే 21న నెల్లూరు జిల్లా కృష్ణపట్నం జనంతో కిక్కిరిసిపోయింది. అంబులెన్సుల్లో వచ్చారు, ఆటోల్లో వచ్చారు, ఆక్సిజన్ పెట్టుకుని కూడా వచ్చారు. బొనిగి ఆనందయ్య తేనె, మిరియాలు, నల్ల జీలకర్ర, వేపాకు లాంటివాటితో కోవిడ్‌కని చేసిన మందును ఉచితంగా పంచుతున్నారు. ఆసుపత్రిలో బెడ్డు దొరకని రోజులవి. ఊపిరాడని మనిషిని ఒళ్లో పెట్టుకుని వచ్చిన వాళ్లను మూఢులనడానికి నాకు నోరు రాదు. కానీ ఆ రోజుల్లో అందరూ ఒకటే అడిగారు: మందు వాడి ఎంతమంది కోలుకున్నారు? దానికి జంటగా అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. వాడకుండా ఎంతమంది కోలుకున్నారు?

ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 23 లక్షల మందికి పైగా కోవిడ్ సోకినట్టు పరీక్షల్లో తేలింది. అధికారిక లెక్క ప్రకారం 14,733 మంది చనిపోయారు. వెయ్యికి ఆరుగురికి కాస్త పైన. అసలు మరణాలు ఇంతకంటే ఎక్కువేనంటారా, రెట్టింపు చేసి చూడండి. అప్పుడైనా వెయ్యిమందిలో 987 మంది బతికినట్టే. అధికారిక లెక్కే తీసుకుంటే 993 మంది. ఇక ఆ వెయ్యిమందికీ ఎవరైనా పసుపునీళ్లు ఇచ్చినా, తాయెత్తు కట్టినా, ప్రార్థన చేసినా 993 మంది లేచి తిరుగుతారు. వాళ్లలో ఒక్కరూ అబద్ధమాడరు. చనిపోయిన ఆరేడుగురు వచ్చి సాక్ష్యం చెప్పలేరు.

అప్పట్లో ఆయుర్వేద పరిశోధనా సంస్థల వాళ్లు మందు వాడిన వారికి ఫోన్లు చేసి విచారించారు. హాని కనిపించలేదన్న నివేదికలు వచ్చాక మే 31న ప్రభుత్వం ఆనందయ్య ఇస్తున్న రకాల్లో కంటి చుక్కలు తప్ప మిగతావాటిలో మూడింటికి అనుమతి ఇచ్చింది, డాక్టర్లు రాసిన మందులు మాత్రం మానొద్దని చెప్పింది. హాని లేదనడం వేరు, గుణం ఉందనడం వేరు. టీవీ చర్చల్లో ఈ తేడా గల్లంతయింది. ఆయుర్వేదాన్ని అవమానిస్తున్నారని ఒకరు, మూఢనమ్మకమని ఒకరు అరుచుకున్నారు. ఇద్దరి చేతిలోనూ లెక్క లేదు.

లెక్క ఎలా తేల్చాలో అంతకు ఏడాది ముందే బ్రిటన్ చూపించింది. అక్కడి ‘రికవరీ’ అనే మందుల పరీక్షలో ఎవరికి మందు ఇవ్వాలో డాక్టరు ఇష్టానికి గానీ రోగి నమ్మకానికి గానీ వదలకుండా చీటీలు తీసినట్టు నిర్ణయించారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ప్రపంచమంతా ఆశ పెట్టుకుంది. తీరా చూస్తే అది తీసుకున్నవారిలో 28 రోజుల్లో 27 శాతం మంది చనిపోయారు, తీసుకోనివారిలో 25 శాతం. చవగ్గా దొరికే పాత స్టెరాయిడ్ డెక్సామెథసోన్ మాత్రం వెంటిలేటర్ మీదున్న వారిలో మరణాలను 41 శాతం నుంచి 29 శాతానికి దించింది. పేరున్న డాక్టర్లు సిఫార్సు చేసిన మందు కూడా ఇక్కడ ఓడిపోయింది. అల్లోపతికి ఒక కొలత, నాటుమందుకు ఒక కొలత ఉండనక్కర్లేదు.

కృష్ణపట్నం మందుకూ ఆ పరీక్ష పెట్టొచ్చు. అది మరణాలను సగానికి తగ్గిస్తుందనుకుందాం. వెయ్యికి ఆరు మూడుకు దిగిందో లేదో నమ్మకంగా చెప్పాలంటే, నేను వేసిన లెక్కలో ఒక్కో జట్టుకు ఏడు వేలమందికి పైగా కావాలి. రెండు జట్లకూ మామూలు వైద్యం అందాలి, ఒక జట్టుకే ఈ మందు అదనంగా ఇవ్వాలి. ఆ పల్లెకు జనం వేలల్లో వచ్చారు. పేరు, వయసు, ఆక్సిజన్ స్థాయి, నెల తర్వాతి పరిస్థితి రాసుకునే మనుషులూ పద్ధతీ ఉండి ఉంటే నిజం తేలేది. మందు మంచిదే అయితే దేశమంతా వాడుకునేది. ఆ అవకాశం పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

నమ్మకంతో వాడే మందుకు ఇలా లెక్క అడిగితే దేవుడి మీద దాడి అనుకుంటారు కొందరు. 2019-20లో ప్యూ సంస్థ దేశంలో దాదాపు 30 వేలమందిని అడిగితే 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. కాబట్టి శాస్త్రీయ దృష్టి అంటూ ఈ దేశంలో పెరిగితే నమ్మేవాళ్లలోనే పెరగాలి. అది ఎలా ఉంటుందో ఇదే తీరాన దక్షిణంగా వెళ్తే కనిపిస్తుంది.

సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి ఉంది. ఇప్పుడది తిరుపతి జిల్లా, 2022 దాకా నెల్లూరుదే. రాకెట్ ఎగరబోయే ముందు ఇస్రో పెద్దలు ఇక్కడికి వచ్చి పూజ చేయించడం ఆనవాయితీ. 2023 జులై 14న చంద్రయాన్-3 బయల్దేరే ముందు అప్పటి ఛైర్మన్ సోమనాథ్ వచ్చారు. అది వారి సొంత నమ్మకం, నాకు పేచీ లేదు. రాకెట్ పడిపోయిన తర్వాత ఏం చేస్తారన్నదే నాకు ముఖ్యం. 1979 ఆగస్టు 10న అబ్దుల్ కలాం సారథ్యంలో ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 దాదాపు 560 కిలోమీటర్లు పోయి సముద్రంలో పడింది. ఒక్కో సెకను డేటా వెనక్కి తిప్పి చూస్తే తప్పు రెండో దశలో కవాటం లీకవడం దగ్గర దొరికింది. మరుసటి ఏడు జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 విఫలమైనప్పుడు కూడా వాళ్లు చూసింది మూడో దశలో పడిపోయిన పీడనాన్నే. ముహూర్తం బాగాలేదనో, దిష్టి తగిలిందనో ఏ విచారణ కమిటీ ఫైలు మూసేయలేదు.

రాజ్యాంగంలోని 51-ఎ(హెచ్) అధికరణ, 1976 నాటి 42వ సవరణతో చేరినది, శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. నా దృష్టిలో దాని అర్థం గుడి మానేయమని కాదు. మళ్లీ ఏదైనా ఊళ్లో ఒక మందు కోసం జనం బారులు తీరితే, అనుమతి కాగితం కంటే ముందు కలెక్టరు రెండు రిజిస్టర్లు తెరిపించాలి. ఒకటి మందు పుచ్చుకున్నవారిది, రెండోది పుచ్చుకోనివారిది.