పాత కారు, కొత్త కారు: పొగ లెక్క

కొత్త కారుకు తక్కువ పెట్రోలు పట్టును గనుక, పాతదానిని తీసివేయుటయే వాతావరణమునకు మేలని చాలమంది తలంతురు. ఇది లెక్కలో ఒక భాగము మాత్రమే. కారు నడచునపుడు వెలువడు పొగ ఒకటి. అది రోడ్డెక్కుటకు ముందే కర్మాగారములలో వెలువడిన పొగ మరియొకటి. ఈ రెంటిని కలిపి చూచినగాని ఏది మేలో తేలదు.

కారు బరువులో అధికభాగము ఇనుము, ఉక్కు. ఇనుపరాతి నుండి టన్ను ఉక్కు తీయుటకు బొగ్గు మండించుటలో సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, పుట్టును. అల్యూమినియమును విద్యుద్విశ్లేషణచే వేరుచేయుటకు కిలో ఒక్కింటికి సుమారు 14 యూనిట్ల విద్యుత్తు కావలెను. గాజు, రబ్బరు, ప్లాస్టిక్కు, రంగులు కూడ చేరును. ఇవన్నియు కలిసి ఒక చిన్న కారు తయారీలో 5 టన్నుల వాయువు వెలువడినదని లెక్క కొరకు అనుకొనవచ్చును.

ఇక నడకలోని పొగ. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వచ్చును. కిలో కూడ తూగని లీటరు నుండి ఇంత బరువు ఎట్లు వచ్చును? పెట్రోలులోని ప్రతి కార్బన్ పరమాణువు గాలి నుండి రెండు ఆక్సిజన్ పరమాణువులను గ్రహించును. అందుచే 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల వాయువగును.

పాత కారు లీటరుకు 15 కి.మీ., కొత్తది 20 కి.మీ. నడచుననుకొన్నచో, ఏటికి 10,000 కి.మీ. ప్రయాణమునకు పాతదానికి 667 లీటర్లు, కొత్తదానికి 500 లీటర్లు పట్టును. ఆదా 167 లీటర్లు. అనగా 384 కిలోల వాయువు. తయారీలోని 5 టన్నుల ఋణము ఈ విధముగా తీరుటకు 13 సంవత్సరములు కావలెను. ఏటికి 5,000 కి.మీ. మాత్రమే తిరుగువారికి 26 సంవత్సరములు పట్టును.

మైలేజిలో తేడా పెద్దదైనచో లెక్క మారును. 2009లో అమెరికా ప్రభుత్వము పాత బండ్లనిచ్చి కొత్తవి కొనువారికి ధనసహాయము చేసెను. సుమారు 6,77,000 బండ్లు వచ్చినవి. అవి మరల తిరుగకుండ ఇంజనులోని నూనె తీసి, సోడియం సిలికేటు ద్రావణము పోసి నడిపిరి. వేడికి నీరు ఆవిరికాగా సిలికేటు గాజువలె గట్టిపడి ఇంజను బిగిసిపోయెడిది. ఆ పాత బండ్ల సగటు మైలేజి లీటరుకు 6.7 కి.మీ.; కొత్తవాటిది 10.6 కి.మీ. తయారీ పొగ అంతేయనుకొని, పై విధముగనే గణించినచో, ఋణము సుమారు 4 సంవత్సరములలోనే తీరును. విద్యుత్తు కారుకు బ్యాటరీ వలన తయారీ ఋణము ఇంకను పెద్దది. కాని నడకలో ఆదాయు పెద్దదే గనుక, ఎక్కువ తిరుగువారికి అది త్వరగా తీరును.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. బొగ్గుపులుసు వాయువొక్కటే హాని చేయునది కాదు. పాత ఇంజనులు కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు, మసి హెచ్చుగా వదలును. భారతదేశములో 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 ప్రమాణములు కొత్త బండ్లలో వీటిని చాలవరకు తగ్గించినవి. కావున నగర వీధులలో దినమంతయు తిరుగు పాత డీజిలు బండిని ఈ లెక్కతో సమర్థింపరాదు.

మితముగా తిరుగుచు, మంచి స్థితిలోనున్న పెట్రోలు కారు సంగతి వేరు. టైర్లలో గాలి తగినంత ఉంచి, ఎయిర్ ఫిల్టరు శుభ్రపరచి, సకాలములో మరమ్మతులు చేయించి దాని ఆయువు పెంచుటయే మేలు. విద్యార్థులు తమకు తెలిసిన ఒక బండి మైలేజిని, ఏటి ప్రయాణమును కనుగొని, ఇదే లెక్కను తరగతిలో చేసి చూడవచ్చును.